విడాకులు ఇవ్వలేదు, ఏలుకోవడమూ లేదు



కిందటి వారం వివాహం గురించి పంపిన భాగం చదివి చాలామంది వాయిస్ మెసేజీలు పెట్టారు. అందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న. విశ్వాసి విడాకులు తీసుకోవచ్చా, తీసుకున్నాక మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అని. తప్పకుండా దాని దగ్గరికి వద్దాం. అయితే ఇక్కడ సింగపూరులో నేను చూస్తున్నంతలో, మన తెలుగు విశ్వాసుల్లో కోర్టుకెళ్లి విడాకులు తీసుకున్నవాళ్లు తక్కువ. ఎక్కువగా కనబడేది ఇంకొకటి. మనిషి పనికని ఇక్కడికొస్తాడు. మొదటి ఏడాది రోజూ వీడియో కాల్. రెండో ఏడాది ఆదివారం ఆదివారం. తర్వాత డబ్బు మాత్రం వెళ్తుంది, మాట వెళ్లదు. ఆ తర్వాత డబ్బు కూడా తల్లి అకౌంటుకు వెళ్తుంది, భార్య అత్తగారిని అడిగి తీసుకోవాలి. చివరికి ఆమె నంబరు బ్లాకు. మెడలో తాళి ఉంది, సంఘం రిజిస్టరులో పెళ్లి ఉంది, భర్త మాత్రం లేడు. మన ఊళ్లల్లో "ఏలుకోవట్లేదు" అంటారే, అదన్నమాట.

అలాంటి సహోదరుణ్ణి కూర్చోబెట్టి అడిగితే ఏమంటాడు? "నేనేం విడాకులు ఇవ్వలేదు గదండీ. బైబిలు వద్దంది కాబట్టే ఇవ్వలేదు." ఈ మాట చాలా నోళ్ల నుంచి విన్నాను. కొందరైతే దాన్నొక సాక్ష్యంలాగా చెప్తారు. వాక్యం దగ్గరకు తీసుకెళ్లి చూస్తే ఇతను భార్యను విడనాడినవాడే అని నేను చెప్తాను. కాగితం ఇచ్చి విడనాడినవాడి కంటే ఆమెకు ఎక్కువ అన్యాయం చేశాడని కూడా చెప్తాను. ఎందుకో చూడండి.

మత్తయి 19వ అధ్యాయంలో పరిసయ్యులు ప్రభువు దగ్గరకొచ్చి, ఏ కారణం చేతనైనా భార్యను విడిచిపెట్టొచ్చా అని అడిగారు. ఆ రోజుల్లో వాళ్లలోనే దీని మీద రెండు పక్షాలున్నాయి. షమ్మయి పక్షం వాళ్లు, ఆమెలో సిగ్గుమాలిన తప్పు దొరికితేనే అన్నారు. హిల్లేలు పక్షం వాళ్లు, కూర మాడ్చినా చాలు అన్నారు. తర్వాతి కాలంలో అకీబా అనే రబ్బీ, ఇంకా అందమైన మనిషి కంటబడితే అదీ కారణమే అన్నాడు. ఇవన్నీ యూదుల మిష్నాలో ఉన్నాయి. ఈ మాటల్లో ఎక్కడా ఆమె ఏమవుతుందన్న బాధ కనబడదు, నాకెంత వరకు చెల్లుతుంది అన్నదే కనబడుతుంది. ప్రభువు ఏ పక్షమూ చేరలేదు. ఆదికాండము 2వ అధ్యాయానికి తీసుకెళ్లి, ఇద్దరూ ఒక్కటైనప్పుడు విడదీయడానికి నువ్వెవరు అన్నట్టు జవాబిచ్చాడు.

అయితే మోషే పరిత్యాగపత్రిక ఎందుకు ఇమ్మన్నాడు? మీ హృదయం కఠినం కాబట్టి అన్నాడు ప్రభువు. చాలా ప్రసంగాల్లో ఇక్కడితో ఆపేస్తారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం నిదానంగా చదివితే ఇంకొకటి తెలుస్తుంది. మగవాడు ఇంట్లోంచి పొమ్మంటే ఆ స్త్రీ గతేమిటి? పుట్టింటికి వెళ్లినా ఆమె ఇంకా ఫలానావాడి భార్యే. రేపు ఇంకొకరు చేసుకుంటే, మొదటివాడు వచ్చి ఇది నా భార్య అని గొడవ చేయొచ్చు. అందుకే ఆమె చేతిలో ఒక పత్రిక పెట్టమన్నాడు. యూదుల ఆచారంలో ఆ పత్రికలోని అసలు సంగతి, ఇక నువ్వు ఎవరినైనా పెళ్లాడొచ్చు అన్నదే. పత్రిక ఇవ్వకుండా భర్త మాయమైపోయిన స్త్రీకి వాళ్ల భాషలో వేరే పేరే ఉంది, అగూనా అని. కట్టివేయబడినది అని అర్థం. ఓడలెక్కి వెళ్లి తిరిగిరాని భర్తల భార్యల గురించి రబ్బీలు ఎన్నో తరాలు తలలు బద్దలు కొట్టుకున్నారు. మన శ్రీకాకుళం, కోనసీమ, కరీంనగర్ ఊళ్లల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

నిర్గమకాండము 21:10-11 ఇంకా గట్టిగా ఉంటుంది. దాసిగా వచ్చి భార్య అయిన స్త్రీ గురించిన ఆజ్ఞ అది. ఆమె మీద ఇంకొకతెను చేసుకున్నా సరే, తిండి, బట్ట, సంసార ధర్మం ఈ మూడూ తక్కువ చేయకూడదు, చేస్తే ఆమె పైసా కట్టక్కర్లేకుండా వెళ్లిపోవచ్చు అని ఉంది. దాసికే ఇంత ఉంటే స్వతంత్రురాలైన భార్యకు ఎంత ఉండాలి అని యూదు బోధకులు వాదించారు. ఇప్పుడు మన సహోదరుడి సంగతి చూడండి. మూడింటిలో ఏదీ పంపట్లేదు, పత్రికా ఇవ్వట్లేదు. కఠిన హృదయుల కోసం ఇచ్చిన ఏర్పాటు పాటి కనికరం కూడా అతను చూపించలేదు. మలాకీ 2వ అధ్యాయంలో దేవుడు అర్పణలు అంగీకరించనన్నది, యౌవనంలో పెళ్లాడిన భార్యకు ద్రోహం చేసినందుకే. అక్కడ ద్రోహం అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇది చదివి, "అయ్యగారూ, కుటుంబాన్ని వదిలి ఇంత దూరం రావడమే పాపమంటారా" అని అడగకండి. నేనలా అనడం లేదు. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు భార్యాపిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోవడానికి ఈ దేశం ఒప్పుకోదు. ఎస్ పాస్ ఉన్నా నెల జీతం కనీసం 6,000 డాలర్లుంటే గాని డిపెండెంట్ పాస్ అడగడానికి లేదు. అప్పు తీర్చాలని, బిడ్డను చదివించాలని ట్వాస్‌లోనో క్రాంజీలోనో డార్మిటరీలో పడుకునే మనిషిని చూసి, భార్యను వదిలేశాడని ఏ బోధకుడైనా అంటే తప్పు. అకుల, ప్రిస్కిల్ల దంపతులు రోమా నుంచి తరిమేస్తే కొరింథుకు ఇద్దరూ కలిసే వచ్చి డేరాలు కుట్టుకున్నారు. ఆ భాగ్యం మనలో ఎక్కువమందికి లేదు.

కానీ అదే కొరింథు సంఘానికి పౌలు రాసింది మన కోసమే రాసినట్టుంటుంది. కొరింథు రెండు రేవుల ఊరు, వచ్చేపోయే జనం ఊరు. 1 కొరింథీయులకు 7:5లో భార్యాభర్తలు ఎడబాటుగా ఉండటానికి పౌలు పెట్టిన షరతులు చూడండి. ఇద్దరికీ సమ్మతి ఉండాలి. కొంతకాలమే ఉండాలి. ప్రార్థన కోసం ఉండాలి. తర్వాత మళ్లీ కలవాలి. మనం వచ్చింది ప్రార్థన కోసం కాదు, కూటి కోసం. సరే, మిగతావైనా ఉన్నాయా? మొదటిసారి వచ్చేటప్పుడు భార్య ఒప్పుకుంది అంటారు. ఏజెంటు అప్పు ఒప్పుకుందా, ఆమె ఒప్పుకుందా? పోనీ ఆమే ఒప్పుకుందనుకుందాం. రెండేళ్ల పర్మిట్ అయిపోయి రెన్యూ చేసేటప్పుడు ఆమెను అడిగారా? సూపర్‌వైజరును అడిగాం, కంపెనీని అడిగాం, ఫ్రెండును అడిగాం. రెండేళ్లు అన్నది ఆరేళ్లయింది. ఆ నాలుగేళ్లకు ఆమె సమ్మతి ఎక్కడ తీసుకున్నాం?

ఇంకొకటి. కొత్తగా పెళ్లైనవాణ్ణి ఒక ఏడాది వరకు యుద్ధానికి కూడా పంపకూడదు, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలి అని ద్వితీయోపదేశకాండము 24:5లో ఉంది. పరిత్యాగపత్రిక ఆజ్ఞకు సరిగ్గా పక్కనే ఉంటుంది ఈ వచనం. పెళ్లై నలభై రోజులు కాకుండానే చాంగీలో దిగిన తమ్ముళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు పెళ్లి చేసే పెద్దలు, పాస్టర్లు ఈ వచనం చూసుకోవాలి. అమ్మాయి ముఖం గుర్తుపట్టే లోపే విమానం ఎక్కించేసి, తర్వాత సమాధానం లేదని ఉపవాస ప్రార్థనలు పెడతాం.

సరే, అసలు ప్రశ్న. విడాకులు, మళ్లీ పెళ్లి. మార్కు 10లో, లూకా 16లో ప్రభువు మాట మినహాయింపు లేకుండా ఉంది. మత్తయి 5లో, 19లో వ్యభిచార కారణమును బట్టి అన్న మినహాయింపు ఉంది. అందువల్ల సంఘాలు ఒక్క మాట మీద లేవు. కతోలికులు విడాకులను ఒప్పుకోరు, అసలు వివాహమే సరిగా జరగలేదని తేలితే మాత్రం అది చెల్లదని తీర్పిస్తారు. సంస్కరణ సంఘాలు 1646లో లండనులో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలో రెండు కారణాలు ఒప్పుకున్నాయి, వ్యభిచారం ఒకటి, ఎవరూ సరిదిద్దలేని ఉద్దేశపూర్వక పరిత్యాగం రెండోది. మనవాళ్లలో కొందరు పెద్దలు, మొదటి భాగస్వామి బతికుండగా మళ్లీ పెళ్లి ఏ పరిస్థితిలోనూ లేదు అంటారు. వాళ్ల భయభక్తిని నేను గౌరవిస్తాను.

రెండో కారణం 1 కొరింథీయులకు 7:15 నుంచి వచ్చింది. అవిశ్వాసి వెడలిపోతే పోనియ్యండి, అలాంటప్పుడు సహోదరుడు గాని సహోదరి గాని బద్ధులు కారు అన్నది దాని భావం. మన దేశంలో ఇది చట్టం దాకా వెళ్లింది. క్రైస్తవంలోకి మారినందుకు భార్యో భర్తో వదిలేసిన మనిషి, పద్ధతి ప్రకారం కోర్టుకు వెళ్లి ఆ వివాహాన్ని రద్దు చేయించుకునే వీలు 1866లో ఒక చట్టం ద్వారా కల్పించారు. ఆరు నెలలు వరుసగా వదిలేసి ఉండాలి అని అందులో ఒక షరతు.

మరి వదిలేసినవాడు అవిశ్వాసి కాకపోతే? బాప్తిస్మం పొందినవాడు, ఇక్కడ ఆదివారం కోరస్‌లో పాట పాడేవాడు అయితే? ఇద్దరూ విశ్వాసులైతే సమాధానపడాలి లేదా ఒంటరిగా ఉండాలి అని పౌలు 10, 11 వచనాల్లో చెప్పాడు కదా, ఆమె అలాగే ఉండిపోవాలి అంటారు కొందరు. నేను ఒప్పుకోలేను. స్వంత ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8లో అదే పౌలు చెప్పాడు. మత్తయి 18లో ప్రభువు ఒక పద్ధతి కూడా ఇచ్చాడు. ఒంటరిగా చెప్పాలి, ఇద్దరు ముగ్గురితో వెళ్లి చెప్పాలి, సంఘానికి చెప్పాలి, అప్పటికీ వినకపోతే అతన్ని అన్యుడిగా ఎంచాలి. ఇక్కడి సంఘం, ఊళ్లోని సంఘం కలిసి ఆ పద్ధతి పాటించి, అతను ఆమెతో కాపురం చేయనని తేల్చి చెప్పాక, ఆమె 15వ వచనం కిందికి వస్తుంది. ఆమె బద్ధురాలు కాదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లికి వెళ్లి ప్రార్థన చేయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పద్ధతి ఎక్కడ పాటిస్తున్నాం? ఊరి పాస్టరు ఆమెతో ఓర్చుకో అమ్మా అంటాడు. ఇక్కడి సంఘం అతని కానుక తీసుకుంటుంది, ఇంటి సంగతి అడగదు.

ఇదంతా మగవాళ్ల మీదే రాశానని అనుకోకండి. ఇళ్లల్లో పనికొచ్చి, నెలనెలా జీతం పంపితే ఆ డబ్బుతోనే భర్త ఇంకొకరితో కాపురం పెట్టిన సహోదరీల కన్నీళ్లు కూడా విన్నాను. వాళ్లకూ అదే వాక్యం, అదే పద్ధతి. కొట్టి చంపబోయే మనిషి దగ్గరకు తిరిగి వెళ్లమని ఏ బోధకుడైనా చెప్తే వినకండి. మలాకీ పరిత్యాగంతో పాటు బలాత్కారాన్ని కూడా ఒకే వచనంలో పెట్టి దేవుడు అసహ్యించుకుంటాడని చెప్పాడు.

ఇప్పటికే మళ్లీ పెళ్లయిపోయి, పిల్లలు కూడా ఉన్నవాళ్లు, ఇప్పుడు దీన్ని తెంచుకుని మొదటివారి దగ్గరకు పోవాలా అని అడుగుతారు. ద్వితీయోపదేశకాండము 24:4 అలా వెనక్కి వెళ్లడాన్నే నిషేధించింది. రెండో ఇల్లు కూల్చి దేవుడికి అర్పణగా తేవద్దు. ఐదుగురు భర్తలున్న సమరయ స్త్రీతో ప్రభువు బావి దగ్గర కూర్చుని మాట్లాడాడు. ఆ కాలంలో ఆడది మగవాణ్ణి వదలడం కన్నా మగవాడు ఆడదాన్ని వదలడమే ఎక్కువ. ఆమెను ఎంతమంది వదిలేశారో మనం ఆలోచించం, చెడిపోయిన మనిషి అని ప్రసంగిస్తాం. అయితే మొదటి భార్యకు, ఆమె బిడ్డలకు ఇవ్వాల్సినది ఇంకా బాకీ ఉంటే, పశ్చాత్తాపం ఆ బాకీ తీర్చడంతో మొదలవ్వాలి. జక్కయ్య అలాగే చేశాడు.

చివరగా చట్టం సంగతి, చాలామంది ఇక్కడే చిక్కుకుంటున్నారు. పెద్దమనుషుల ముందు బాండు పేపరు మీద రాసుకున్న విడాకులు, సంఘం లెటర్‌హెడ్ మీద ఇచ్చిన విడాకులు చట్టం ముందు చెల్లవు. సంఘం ఇచ్చే విడాకులకు గుర్తింపు కావాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. 2001కి ముందు భర్తకు వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు, భార్య మాత్రం దాంతో పాటు క్రూరత్వమో పరిత్యాగమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001 సవరణతో ఇద్దరికీ సమానమైన కారణాలు వచ్చాయి, అందులో రెండేళ్లకు తగ్గకుండా వదిలేయడం ఒకటి. కోర్టు డిక్రీ లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలు. ఇక్కడ కూడా ఒక భార్య ఉండగా ఇంకో పెళ్లి చెల్లదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు, ఒకప్పుడు ఉన్నవాడు కూడా, సింగపూరు పౌరురాలినో పి.ఆర్. ఉన్నామెనో పెళ్లాడాలంటే ముందుగా మ్యాన్‌పవర్ మినిస్ట్రీ అనుమతి కావాలి.

ఊళ్లో ఉన్న మీ అక్కో చెల్లెలో ఇలా చిక్కుకుని ఉంటే, లాయరు ఫీజు లేదని ఆగొద్దని చెప్పండి. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్టు, ఆధార్, అతని పాస్‌పోర్టు జిరాక్సు దొరికితే అదీ, డబ్బు పంపడం ఆగిపోయిన తేదీ తెలిసేలా బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని వెళ్లమనండి.