గాండీవము – నాగలి

ఆయుధమును ధరించుట ధర్మమా, విడుచుట ధర్మమా అను ప్రశ్నకు మహాభారతము రెండు సన్నివేశములలో రెండు విధములుగా సమాధానమిచ్చుచున్నది. కురుక్షేత్రమున అర్జునుడు గాండీవమును జారవిడిచి కూలబడగా, శ్రీకృష్ణ పరమాత్మ గీతోపదేశముచే ఆతనిని తిరిగి యుద్ధోన్ముఖుని గావించెను. మహాప్రస్థాన సమయమున అదే గాండీవమును వీడలేక వెంట గొనిపోవుచుండగా, అగ్నిదేవుడు అడ్డగించి దానిని వరుణునకు అప్పగింపుమనెను. అర్జునుడు దానిని జలములలో విడిచెను. ఒకనాడు విడుచుట మోహము; మరొకనాడు విడువకుండుట మోహము.

ఈ సత్యము పురాణపురుషులకే పరిమితము కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా అచ్చటి యువకులు సైన్యమున చేరుచుండుటచే దానికి ‘మిలిటరీ మాధవరము’ అను పేరు వచ్చినది. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ ఊరివారు పాల్గొనిరి. సామాన్య సిపాయి సాధారణముగా నలువది ఏండ్లు నిండకముందే విశ్రాంతి పొందును. ఇల్లు చేరిన పల్లెవానికి పిత్రార్జితమైన పొలమే ఆధారము. 1965వ సంవత్సరమున లాల్ బహదూర్ శాస్త్రిగారు ‘జై జవాన్, జై కిసాన్’ అని నినదించిరి. అట్టి ఇండ్లలో ఆ ఇరువురును ఒక్కరే.

అయితే నాగలి పట్టిన ఆ సైనికుని మనస్సున ఒక ప్రశ్న మిగిలియుండవచ్చును. ఆజ్ఞానుసారము శత్రువును కూల్చిన చేతులు స్వామికి తులసీదళము సమర్పించుటకు అర్హములా? దేశము పతకమిచ్చినది గాని, రాత్రివేళ నిద్ర నీయలేదు. “అది నీ ధర్మము గదా!” అని ఇంటివారు ఊరడింతురు. ఆ మాట నిజమే. అయినను ఆ ఒక్క మాటతో బాధ తీరదు.

నాగలి పట్టినంతనే హింస తొలగుననుటయు సరికాదు. అరణ్యపర్వమున మిథిలావాసియైన ధర్మవ్యాధుడు కౌశికునకు ఈ సంగతినే బోధించెను. కృషి ఉత్తమమని లోకము తలచినను, నాగలిక్రింద భూమిలోని ప్రాణులెన్నియో నశించునని ఆతడు చెప్పెను. ఇది హింసను సమర్థించు మాట కాదు. ‘నేను నిర్దోషిని, అతడు దోషి’ అను అహంకారమును అణచు మాట. సైనికుని కాపుదలలో పండిన అన్నమును భుజించువారందరును ఆతని భారమున భాగస్వాములే.

మరి శుద్ధి ఎట్లు? పనిముట్టు మారుటచే కాదు, పని ఎవరికొరకో తెలియుటచే. హలాయుధుడైన బలరామస్వామి కురుపాండవ సంగ్రామమున ఏ పక్షమును చేరక తీర్థయాత్రకు వెడలెను. అర్జునుడు యుద్ధము చేసెను. ఇరువురును శ్రీకృష్ణునికి ఆప్తులే. స్వకర్మనే అర్చనగా సమర్పింపవచ్చునని గీత ఉపదేశించినది. అంతేకాదు, సర్వపాపముల నుండి విముక్తుని గావింతును, శోకింపకుమని గీతాంతమున భగవానుడు అభయమిచ్చినది ఏ ఆశ్రమవాసికో కాదు, రణభూమిలో రథముపై నున్న యోధునికే. శరణాగతికి చేతుల చరిత్ర అడ్డు కాదు. పశ్చాత్తాపము కలుగుటయే ఆ హృదయము మొద్దుబారలేదనుటకు గుర్తు.

కావున ఇంట నట్టి పెద్దయున్నచో యుద్ధకథలకై ఆతనిని వేధింపరాదు. ఆతడు గట్టుపై మౌనముగా కూర్చున్నప్పుడు ప్రక్కన కూర్చుండుట మేలు. కోతలైన పిదప క్రొత్తబియ్యముతో పొంగలి వండి, స్వామికి నివేదన ఆ చేతులతోనే చేయింపవలెను. ఆ ప్రసాదమును ఇంటిల్లిపాదియు కన్నుల కద్దుకొని స్వీకరించిననాడు, ఆతని ప్రశ్నకు సమాధానము లభించును.