సాయంత్రం తీసిన కొలత

ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 8:1–5

ఈ చలికాలం అమ్మ మా దగ్గరికి టొరంటో వచ్చింది. నరసాపురం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. జన్మలో సాక్సులు తొడిగి ఎరగదు. ఇక్కడికి వచ్చిన మర్నాటి నుంచి అవి లేకుండా మంచం దిగలేకపోయింది. కొట్లో కొన్నవి తొడిగితే రాత్రికి చీలమండ చుట్టూ ఎర్రటి గీత పడేది. అమ్మ కాళ్లకు కొంచెం నీరు పడుతుంది. డాక్టరు చూసి భయమేం లేదన్నారు, బిగుతుగా ఉండేవి మాత్రం వేయొద్దన్నారు.

సరే, నేనే అల్లిపెడదామనుకున్నాను. చేతిపని చూస్తూ పెరిగినదాన్నే కదా! 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక మా వైపు ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది. అమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని, ఒక్క క్రోషే సూదితో సన్నటి నూలుదారాన్ని అల్లిన లేసులే మా స్కూలు ఫీజులు కట్టాయి. ఇప్పుడు నా చేతిలో ఊలు ఉండ, ఐదు సూదులు.

పొద్దున్నే అమ్మ కాఫీ తాగుతుంటే పాదం చుట్టూ టేపు పెట్టి చూశాను. 9 అంగుళాలు. సాక్సును పాదం చుట్టుకొలత కంటే పదో వంతు తక్కువగా అల్లుతారు. అప్పుడే ఊలు కాస్త సాగి పాదాన్ని పట్టుకుని ఉంటుంది. నా అల్లిక అంగుళానికి 8 కుట్లు వస్తుంది. లెక్కవేసుకుని 64 కుట్లతో మొదలుపెట్టాను. వారం పట్టింది. పొద్దున తొడిగితే అతికినట్టు సరిపోయింది. రాత్రి విప్పి చూస్తే మళ్లీ అదే ఎర్రటి గీత.

మొత్తం ఊడదీశాను. ఈసారి బిగుతవుతుందన్న భయంతో 76 కుట్లు వేశాను. వదులైపోయింది. బూటు లోపల అరికాలి కింద ముడతలు పడి, నాలుగడుగులు వేసేసరికి అమ్మ మడమ ఒరుసుకుపోయింది.

రెండోసారి ఊడదీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఊలు కొస అందుకుని, నెమ్మదిగా ఉండ చుడుతూ అంది: “అమ్మాయ్, నువ్వు కొలిచింది నా పొద్దుటి కాళ్లని. నన్ను బాధపెట్టేవి సాయంత్రపు కాళ్లు. వాటిని కొలిచి చూడు.”

ఆ సాయంత్రమే కొలిచాను. తొమ్మిదిన్నర. మీగాలు దగ్గర కూడా పొద్దుటికంటే ఎత్తుగా ఉంది. 68 కుట్లు వేశాను. మీగాలుకు చోటు దొరకాలని మడమ వెనక వచ్చే పట్టీని ఇంకో 8 వరసలు పొడిగించాను. వేళ్ల దగ్గర గట్టు తగలకుండా, కుట్టుకు కుట్టు కలిపి ముగించాను. అవి పూర్తయి తొడుక్కున్న రోజు రాత్రి అమ్మ సాక్సు విప్పి కాలు చూపించింది. గీత లేదు. ప్రార్థన చేసుకుని, వాటినే మళ్లీ తొడుక్కుని పడుకుంది.

నేస్తం, నిన్ను నువ్వు ఏ పూట కొలుచుకుంటున్నావు?

మనలో చాలామందిమి పొద్దుటి కొలతే పట్టుకుని బతుకుతాం. నిద్ర తీరిన పొద్దున మోకరించినప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. ఇవాళ ఎవరినీ విసుక్కోకూడదనుకుంటాం. రేపటి గురించి దిగులుపడకూడదనుకుంటాం. సాయంత్రానికి ఏమవుతుంది? ఆఫీసులో పడిన మాట మనసులో ముల్లులా గుచ్చుతూ ఉంటుంది. పిల్లాడు పాలు ఒలకబోస్తే గొంతు లేస్తుంది. వచ్చే నెల అద్దె గుర్తొస్తుంది. ప్రార్థనకు కూర్చుంటే మధ్యలోనే కళ్లు మూతలు పడతాయి. అప్పుడు లోపల నుంచి ఒక నింద మొదలవుతుంది: “నా విశ్వాసం ఇంతేనా? దేవుడు నన్ను చూసి ఏమనుకుంటాడు?”

నువ్వు కూడా అలా అనుకున్న రాత్రులున్నాయా?

మోషే తన ప్రయాణం చివరలో ఇశ్రాయేలు ప్రజలను నిలబెట్టి, గడిచిన 40 ఏళ్లను గుర్తుచేస్తాడు. మన్నా సంగతి చెబుతాడు. ఆ వెంటనే ఒక చిన్న సంగతి చెబుతాడు. అన్నేళ్లు నడిచినా వాళ్ల కాళ్లు వాయలేదట! ఈ మాట చదివిన ప్రతిసారీ నా మనసు అక్కడే ఆగిపోతుంది. అంత పెద్ద జనాన్ని నడిపిస్తున్న దేవుడు, పగలంతా ఇసుకలోనూ రాళ్లలోనూ నడిచి గుడారానికి చేరిన ఒక్కొక్కరి పాదాల మీద కన్నువేసి ఉంచాడు. వాపు తెలిసేది సాయంత్రమే కదా. ఆయన ఆ పూట కూడా చూస్తూనే ఉన్నాడు.

ఏలీయాను తలచుకో. కర్మెలు కొండ మీద అంత ధైర్యంగా నిలబడ్డ ప్రవక్త, ఆ తర్వాత అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, చనిపోతానన్నాడు. దేవుడు ఆయన్ని కర్మెలు కొలతతో కొలవలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో వేడి రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టించాడు. ముందున్న ప్రయాణం ఆయన శక్తికి మించిందని దూత నోట చెప్పించాడు. అలసిన మనిషికి అంతకంటే ఊరట ఏముంటుంది? “నీకు ఇది బరువే, నాకు తెలుసు” అని తండ్రే ఒప్పుకుంటే, ఇక మనం దాచుకోవాల్సిందేముంది?

అలాగని ఆయన నిన్ను వదులుగా విడిచిపెట్టేయడు. వదులు సాక్సు కూడా కాలిని గాయపరుస్తుందని నేను నా కళ్లతోనే చూశాను. అడుగడుగునా తోడుండాలంటే అది పాదాన్ని అంటిపెట్టుకునే ఉండాలి. పట్టుకోవడం వేరు, బిగించడం వేరు. నీ తండ్రి చెయ్యి నిన్ను పట్టుకుంటుంది, నీ మీద గీత పడనివ్వదు. ఈ మధ్య నీకు ఏదైనా ఇరుకుగా అనిపిస్తుంటే, అది నీ భయం బిగించిన ముడేమో, పక్కవాళ్లను చూసి నీ మీద నువ్వు వేసుకున్న కొలతేమో, ఒక్కసారి నెమ్మదిగా చూసుకో.

ఇంకో మాట. రెండుసార్లు ఊడదీసిన ఊలు మెలికలు మెలికలుగా అయిపోయింది. గోరువెచ్చని నీళ్లలో తడిపి, చిలకకొయ్యకు వేలాడదీసి ఆరబెడితే మళ్లీ సాపు అయింది. అమ్మ ఇప్పుడు తొడుక్కుంటున్నది ఆ ఊలుతో అల్లినదే. నీ జీవితంలో ఊడిపోయిందనుకున్న సంవత్సరం ఏదైనా ఉందా? ఆగిపోయిన చదువు, పోయిన ఉద్యోగం, తెగిపోయిన మాట? ఆ దారం కొస కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఉండ చుడుతున్నాడు. తొందరపడడు, పారేయడు.

మరి ఇవాళ ఏం చేద్దాం?

ఈ సాయంత్రం ఇంటికి చేరాక, చెప్పులు విడిచి, మంచం అంచున ఒక్క ఐదు నిమిషాలు కూర్చో. దేవుడికి నీ సాయంత్రపు కొలతే చెప్పు. “ఇవాళ నేను ఇంత అలిసిపోయాను. ఇక్కడ వాచింది. ఇక్కడ ఒరుసుకుంది.” చక్కటి మాటల కోసం వెతుక్కోవద్దు. నిద్ర వస్తే ఆయన సన్నిధిలోనే పడుకో. ఏలీయా కూడా పడుకున్నాడు.

తర్వాత మీ ఇంట్లో ఇంకొకరి సాయంత్రాన్ని కూడా చూడు. డ్యూటీ దిగి వచ్చిన భర్త, పొద్దుటి నుంచి వంటింట్లో నిలబడ్డ భార్య, పరీక్షకు చదువుతున్న పిల్ల, మంచంలో ఉన్న అత్తయ్య. వాళ్లు ఇప్పుడు విసుగ్గా ఒక మాట అంటే, దాన్ని పొద్దుటి కొలతతో కొలవకు. ఓ గ్లాసు మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చో. మిగతా మాటలు రేపు మాట్లాడుకోవచ్చు.

ప్రార్థన: తండ్రీ, నా పొద్దుటి బలాన్ని, సాయంత్రపు వాపును నువ్వు ఎరుగుదువు. నేను దాచుకునే చోటే నీ చెయ్యి పెట్టు. ఊడిపోయిన నా రోజులను నీ చేతుల్లోకి తీసుకో. ఈ రాత్రి నీ కొలతలో నన్ను నిశ్చింతగా నిద్రపోనివ్వు. నా ఇంట్లోవాళ్లను అదే కొలతతో చూసే మనసివ్వు. యేసు నామంలో అడుగుతున్నాను. ఆమేన్.

నేటి తీర్మానం: ఈ సాయంత్రం నా అలసటను దేవుడి దగ్గర దాచను, నా ఇంట్లో ఒకరి అలసటను చూడకుండా నిద్రపోను.