ఆ గ్లౌజులు ఎవరి కోసం?

మా కాలేజీలో బాత్రూములు కడిగే ఆవిడని ఒకరోజు కోప్పడ్డాను. నేను కొనిచ్చిన రబ్బరు గ్లౌజులు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. ఆవిడేమో వట్టి చేతులతో ఆసిడ్ పోసి నేల రుద్దుతోంది. "నీ మంచికే కదమ్మా ఇచ్చింది, వేసుకోడానికేం?" అన్నాను. నాకంటే పదేళ్లు పెద్దావిడని 'నువ్వు' అన్నానని అప్పుడు తోచలేదు. ఆవిడ ఒక గ్లౌజు తీసి నా చేతికిచ్చింది. "మీరోసారి ఏసుకు చూడండి మేడమ్."

వేసుకున్నాను. మగవాళ్ల కొలత. వేళ్ల కొసల దగ్గర అంగుళం ఖాళీ, చీపురు పట్టుకుంటే జారిపోతోంది. లోపల నిన్నటి తడి, ముక్కిపోయిన వాసన. బొటనవేలి దగ్గర సన్నని చిరుగు. వట్టి చేతి మీద పడిన ఆసిడ్‌ని వెంటనే కడుక్కోవచ్చు. చిరుగులోంచి దిగింది మాత్రం లోపలే ఉండి చర్మాన్ని కాలుస్తుంది. ఆవిడ లెక్కే సరైనది.

గ్లౌజుని తీసేముందు పైన సబ్బుతో కడగాలి. తర్వాత తిరగేసి కడగాలి, నీడలో ఆరబెట్టాలి, నీళ్లు నింపి చిరుగులు చూసుకోవాలి, చిరిగితే పారెయ్యాలి. అంటే కనీసం రెండు జతలు, సబ్బు, ఆరేసుకునే చోటు, పనిగంటల్లోనే ఓ పది నిమిషాలు కావాలి. నేనిచ్చింది ఒక్క జత. "ఇంటికి తీసుకెళ్లి కడుక్కోమన్నాడు సూపర్‌వైజరు. అన్నం గిన్నెలు తోముకునేకాడ ఇయ్యెలా కడగను?" అంది. ఇంటిచాకిరీకి విలువ కట్టరని ఏళ్ల తరబడి వ్యాసాలు రాసిన నేనే ఆ చాకిరీకి ఇంకోటి కలిపాను.

పాకీపనిని నిషేధించిన 2013 చట్టంలో ఒక వివరణ ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలం శుభ్రం చేసే మనిషి ఆ చట్టం దృష్టిలో పాకీపనివారు కారు. గ్లౌజు తొడిగితే పని పేరు మారుతుంది. పనీ మారదు, దాన్ని చేసే కులమూ మారదు. మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో మరో తీర్పు దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది సరే, మనిషిని దింపడం ఎందుకు ఆగలేదు?

గ్లౌజులు వద్దనడం లేదు. అవి ఆవిడ హక్కు. కానీ మనం 'ఇచ్చాం' అనుకోగానే బాధ్యత చేతులు మారుతోంది. ఆపైన చెయ్యి కాలితే అది ఆవిడ నిర్లక్ష్యం. 2020లో కరోనా భయంతో నేనూ పాల ప్యాకెట్లు గ్లౌజులతో అందుకున్నాను. నాకు అసలు ముట్టుకోకుండా ఉండే వీలు కూడా ఉంది. ఆవిడకి లేనిది అదే. ఆ తేడాని కులం అనకుండా 'భద్రత' అంటే నా మనసుకి హాయిగా ఉంటుంది. నేను గ్లౌజులు కొన్నది ఆ హాయి కోసమేనేమో.

చిన్న కొలతవి రెండేసి జతలు, సబ్బు, పది నిమిషాల సమయం కాంట్రాక్టులోనే రాయాలని మేము కొందరం ఆవిడతో కూర్చుని అర్జీ రాశాం. మొదటి సంతకం ఆవిడదే. అది కాంట్రాక్టరు చూసుకోవాల్సిన విషయమని ఆఫీసులో అన్నారు. మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఆవిడ వట్టి చేతులు చూసి కోప్పడే అర్హత నాకు లేదు.