మోదుగును ఎప్పుడు చూశారు?

ఫాల్గుణం వచ్చేసరికి హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గుట్టల మీద పచ్చదనం దాదాపు మిగలదు. ఎర్ర చెల్కలు, వాటి నడుమ గులాబీ చాయ కలిసిన గ్రానైటు గుండ్లు, ముళ్ల తుప్పలు. ఎండకు మాడిన రాతినేల మీదికి వసంతం ఎలా వస్తుందో చూడాలంటే ఈ గుట్టల్లో ఓ పూట నడిస్తే చాలు. ఒక్క ఆకైనా లేకుండా నిలువెల్లా పూసిన మోదుగు దూరం నుంచే కనిపిస్తుంది. బౌద్ధులు ఒక పాత ప్రశ్నను ఈ చెట్టు మీదే పెట్టారు: ఒకే వస్తువును కళ్లారా చూసినవాళ్లు తలో రకంగా చెబితే ఎవరి మాట నమ్మాలి?

పాలి జాతకాల్లో 248వది కింశుకోపమ జాతకం. కింశుకమంటే మోదుగే. కాశీరాజు బ్రహ్మదత్తుడి కొడుకులు నలుగురు ఆ చెట్టును చూపించమని సారథిని అడిగారు. అతను నలుగురినీ ఒక్కసారే తీసుకుపోలేదు. పెద్దవాడికి మొగ్గ తొడిగేటప్పుడు, రెండోవాడికి ఆకు పచ్చగా ఉన్నప్పుడు, మూడోవాడికి పూతలో, చిన్నవాడికి కాయల కాలంలో చూపించాడు. తర్వాత నలుగురూ ఒకచోట కూర్చున్నప్పుడు మాట వచ్చింది. కాలిన మోడులా ఉందని ఒకడు, మర్రిలా ఉందని ఒకడు, మాంసపు ముద్దలా ఉందని ఇంకొకడు, దిరిసెనలా ఉందని నాలుగోవాడు. తగువు తండ్రి దగ్గరికి వెళ్లింది. మీరంతా చెట్టును చూసినవాళ్లే, ఏ కాలంలో ఎలా ఉంటుందని మాత్రం సారథిని అడగలేదు అన్నాడు రాజు.

ఈ పోలికలు ఊరికే కల్పించినవి కావు. ఆకు రాలిన కొమ్మల మీద మోదుగు మొగ్గలు గుత్తులుగా వస్తాయి. వాటి తొడిమ గిన్నెలు ముదురు గోధుమ రంగులో, మఖమల్ గుడ్డలా నూగుతో నల్లగా కనిపిస్తాయి. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే చెట్టు మంటల్లోంచి బయటపడినట్టే ఉంటుంది. పూవు విచ్చుకున్నాక అయిదు రేకులు మందంగా, నారింజ కలిసిన ఎరుపులో ఉంటాయి. ఒక రేకు చిలుక ముక్కులా వంగి ఉంటుంది. తేనె కోసం పిట్టలు మూగుతాయి, వాసన మాత్రం ఉండదు. వేసవి ముదిరేకొద్దీ చదునైన కాయలు వేలాడతాయి. విత్తనం ఒక్కటే, అదీ చివరన. వానాకాలానికి మూడేసి పెద్ద ఆకులతో చెట్టు గుబురవుతుంది. విస్తళ్లు కుట్టేవాళ్లకు మోదుగంటే అదే; హోలీకి రంగు తీసేవాళ్లకు పూత, హోమం చేసేవాళ్లకు సమిధ.

తెలుగు పాఠకులకు ఇంతకన్నా బాగా తెలిసినది అంధగజ న్యాయం. ఉదానమనే బౌద్ధ గ్రంథంలో ఉన్న ఆ కథలో పుట్టుగుడ్డివాళ్లు ఏనుగును తడిమి తలో మాటా చెబుతారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అలవాటే గాని, అది సరికాదు. ఏనుగు కథలో లోపం చూపుది, దొరికిన భాగానిది. రాజకుమారులకు కళ్లున్నాయి, చెట్టంతా చూశారు కూడా. వాళ్లకు తప్పిపోయింది కాలం.

సంయుత్త నికాయంలోని కింశుకోపమ సుత్తం ఇదే పోలికను భిక్షువులకు వర్తింపజేస్తుంది. చూపు ఎప్పుడు నిర్మలమవుతుందని ఒక భిక్షువు అడిగితే ఒకరు ఆరు స్పర్శాయతనాలను, మరొకరు పంచస్కంధాలను, ఇంకొకరు చతుర్మహాభూతాలను తెలుసుకున్నప్పుడన్నారు. పుట్టేదంతా గిట్టేదేనని ఎరిగినప్పుడన్నాడు నాలుగో అతను. ఎవరి చూపు ఏ దారిన తేటపడిందో వాళ్లు ఆ దారే చెప్పారంటాడు బుద్ధుడు. దీన్నిబట్టి అందరి మాటా సమానంగా నిజమేనని తేల్చేయడం బద్ధకపు వ్యాఖ్యానం. ఫాల్గుణంలో మోదుగు మర్రిలా ఉంటుందన్నవాడి మాట తప్పే. కాలంతో ముడిపెట్టి చెప్పినప్పుడే అది నిజం.

ఊరికైనా ఇదే వర్తిస్తుంది. కొంగరకలాన్ అంటే 2018 సెప్టెంబరు 2న జరిగిన ప్రగతి నివేదన సభ జనసముద్రం గుర్తొచ్చేవాళ్లున్నారు. 2022 ఆగస్టు 25న ప్రారంభమైన రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్‌కు పనిమీద వచ్చేవాళ్లకు అదొక ఆఫీసు. 2023 మే 15న ఫాక్స్‌కాన్‌కు శంకుస్థాపన జరిగాక ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు అదే ఫ్యాక్టరీ.

గుట్టల మీది రాయి మాత్రం ఈ లెక్కలోకి రాదనిపిస్తుంది. చెట్టు మారుతుంది, బండ మారదు కదా! కానీ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట ఈ గ్రానైటు భూగర్భంలో కరిగిన ముద్ద. చల్లబడి గట్టిపడ్డాక పగుళ్లలోకి నీరు దిగి అంచులు అరిగి, పైమట్టి కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టున్నవి చాలావరకు ఉన్నచోటే అలా తయారైనవి. రాతికీ రుతువులున్నాయి, మనిషి ఆయుష్షుకు అవి అందవంతే.

మరి రుతువులన్నీ తీసేస్తే చెట్టనేది మిగులుతుందా? రూపాలు మారినా వెనక ఒకే సత్తు ఉంటుందంటుంది వేదాంతం. ఏ కోణం నుంచి, ఏ సమయంలో అన్నది చెప్పకుండా ఏ మాటా పూర్తికాదంటారు జైనులు. దేనికీ సొంత స్వభావం లేదన్నాడు బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు. ఆయన పేరుతో ముడిపడిన శ్రీపర్వతం ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే నాగార్జునసాగర్ రోడ్డు దిక్కునే ఉంది. ఇటు హైదరాబాద్ చైతన్యపురిలో మూసీ ఒడ్డు బండ మీది ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. ఇలాంటి తర్కం ఈ రాతినేలకు కొత్త కాదు. జాతకం మాత్రం ఆ తగువులోకి దిగదు. చెట్టుకు స్వభావం ఉందో లేదో రాజు తేల్చలేదు. కొడుకులు అడగాల్సిన ప్రశ్న ఏదో చెప్పి ఊరుకున్నాడు.