సొంతంగా రాయొచ్చుగా?

మా స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు ఒకరోజు స్టాఫ్ రూములో నా ఫోన్‌లోకి తొంగిచూసి, "ఇంత ఓపిగ్గా రాస్తున్నారు గదా మేడం, ఆ సీరియల్ వాళ్ల మీద కాకుండా సొంతంగా ఏదైనా రాయొచ్చుగా?" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు, మంచి మనిషి, పుస్తకాలు చదువుతారు. గంట కొట్టారని నవ్వేసి క్లాసుకి వెళ్లిపోయాను గానీ, ఆ 'సొంతంగా' అన్న మాట చెప్పులో దూరిన రాయిలా అప్పట్నుంచీ నాతోనే నడుస్తోంది.

నేను రాసేది 'ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూ' అనే హిందీ సీరియల్ మీద. స్టార్ ప్లస్‌లో 2011 జూన్ నుంచి 2012 నవంబరు దాకా, దాదాపు 400 ఎపిసోడ్లు నడిచింది. మనకి మా టీవీలో 'చూపులు కలసిన శుభవేళ' అని డబ్ అయి వచ్చింది. (ఆ పేరు జంధ్యాల గారు 1988లోనే తన సినిమాకి పెట్టుకున్నారు. అరువు పేరుతో వచ్చిన సీరియల్ మీద అరువు కథలు రాసేదాన్ని. లెక్క బాగానే కుదిరింది.) లక్నో నుంచి ఢిల్లీ వచ్చిన ఖుషీకి అన్నిటికీ దేవీ మయ్యాయే దిక్కు. ఫ్యాషన్ కంపెనీ నడిపే అర్నవ్ సింగ్ రాయ్‌జాదాకి దేవుడంటే నమ్మకం లేదు. సనయా ఇరానీ, బరుణ్ సోబ్తీ వేశారు. బరుణ్ తప్పుకున్నాక సీరియల్ ఆపేశారు. ఆపింది వాళ్లు, మేం కాదు.

మా అభిమానుల లోకంలో మాటలు వేరు. ఆ జంట పేరు 'అర్షి'. కథ ఒక్క విడతలో అయిపోతే ఓఎస్, నెలల తరబడి సాగితే ఎఫ్ఎఫ్. సీన్లు కత్తిరించి వేరే పాట మీద కూర్చితే వీఎం. చదివేసి ఒక్క ముక్కయినా అనకుండా వెళ్లిపోయేవాళ్లు సైలెంట్ రీడర్లు. వాళ్లమీద మాకున్నంత కోపం సీరియల్ విలన్ శ్యామ్ మీద కూడా లేదు. డబ్బుల మాట లేదు, పేరూ మాది కాదు. నేనైతే ఒక పువ్వు పేరు వెనక దాక్కున్నాను. ఆ పువ్వు నేనేనని మా ఇంట్లో ఇద్దరికే తెలుసు.

నా మొదటి కథ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెనాలి నుంచి వెళ్లిన శిరీష అర్నవ్ ఆఫీసులో చేరుతుంది. వీణ వచ్చు, లెక్కలు వచ్చు, కరాటే కూడా వచ్చు. చివరికి ఖుషీని కాపాడబోయి ప్రాణం వదిలితే రాయ్‌జాదాల ఇల్లంతా ఏడుస్తుంది. ఈ శిరీషకి అమెరికాలో నేను పుట్టకముందే నామకరణం అయిపోయిందని చాలా ఏళ్లకి తెలిసింది. 'స్టార్ ట్రెక్' మీద అభిమానులు తమ సొంత పత్రికల్లో రాసుకునే కథల్లో ఇలాంటి సర్వగుణసంపన్నలు మరీ ఎక్కువైపోయారని 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ ఎగతాళిగా ఓ బుల్లి కథ రాసింది. అందులో పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్ పేరు మేరీ స్యూ. 1975లో క్యాండీ ఫాంగ్ అనే ఇంకో ఆవిడ అదే సీరియల్ బొమ్మల్ని స్లైడ్లుగా వేస్తూ, పక్కన పాట పెట్టి చూపించింది. వీఎంలు మేమే కనిపెట్టామన్న నా గర్వం అక్కడితో దిగిపోయింది.

అయినా అంత దూరం పోవడమెందుకు. మా అమ్మమ్మ 'ఊర్మిళాదేవి నిద్ర' పాడేది. వాల్మీకి ఊర్మిళకి పెళ్లి చేసి ఊరుకున్నాడు. మొగుడు పద్నాలుగేళ్లు అడవికి పోతే ఆ పిల్ల ఏమైందన్న ధ్యాస ఆయనకి లేదు. ఆడవాళ్లకి ఉంది. పాటలో ఆమె ఆ పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ఎవరో పరాయివాడనుకుని, మా నాన్న వింటే ఏం చేస్తాడో, మా అక్క వింటే ఏం చేస్తుందో అంటూ హడలెత్తిస్తుంది. పరస్త్రీ మీద కన్నేసి చెడిపోయినవాళ్లని ఒక్కొక్కర్నీ గుర్తుచేస్తుంది. ఆ చోటికి వచ్చేసరికి అమ్మమ్మ గొంతు లేచేది. మొగుణ్ణి అంతసేపు, ఏ పాపమూ అంటకుండా దులిపే వీలు ఆమెకి ఇంకెక్కడ దొరికింది! ఆ పాట కట్టిందెవరో తెలీదు. సొంతంగా ఏదైనా కట్టుకోరాదా అని ఆవిణ్ణి ఎవరైనా అడిగారో లేదో.

అభిమానం అంటే భక్తి అనుకుంటారు. నాకైతే అది పేచీ అనిపిస్తుంది. డాబా మీద ఖుషీనీ శ్యామ్‌నీ చూసి అపార్థం చేసుకున్న అర్నవ్, ఆమె అక్క పెళ్లి అడ్డం పెట్టి, ఆరు నెలల పెళ్లికి ఆమెను బలవంతంగా ఒప్పిస్తాడు. ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి నాకు నిద్ర లేదు. ఒళ్లు మండిపోయింది, అయినా మర్నాడు ఆ టైముకి టీవీ ముందు కూర్చున్నాను. ఆ పెళ్లిని ఇప్పటికి ఏడుసార్లు తిరగరాశాను. ఒకదాంట్లో ఖుషీ కుదరదని దిగిపోతుంది. ఒకదాంట్లో ఆయన చేత ఆర్నెల్లూ క్షమాపణ చెప్పిస్తుంది. ఏడింటిలోనూ ఏదో ఒక మూల నాకింకా ఒప్పుదల లేదు. నచ్చకపోతే చూడ్డం మానేసేదాన్ని, నచ్చితే చూసి ఊరుకునేదాన్ని.

బొమ్మలూ వేస్తాను. ముఖాలు నాకు రావు. అమ్మమ్మ వాళ్ల పాటల్లోనే ఇంకోటుంది. మారువేషంలో వచ్చిన శూర్పణఖ రావణుడి బొమ్మ గీసిమ్మని సీతను అడుగుతుంది. సీత తలెత్తి అతన్ని చూసిందెప్పుడు? కాలి బొటనవేలే చూసింది, అదే గీసింది. మిగతాది శూర్పణఖ పూర్తిచేసి ప్రాణం పోయిస్తే ఆ బొమ్మ ఎంతకీ వదలదు. నేను గీసేవి చేతులు. సీన్ ఆపి, పెద్దది చేసి, ఖుషీ చేతులు పిండిగుడ్డని పిసుకుతూ నూనెలో చుట్టలు తిప్పడం ఎన్నిసార్లు గీశానో. మనసులో గాభరా పుడితే ఆ పిల్ల జిలేబీలు వేస్తుంది.

అర్నవ్‌కి షుగర్.

ఈ రెండూ సీరియల్లో ఉన్నాయి. అవసరమైనప్పుడల్లా వాడుకుని ముందుకి పోయారు. రోజుకో ఎపిసోడ్ తీసేవాళ్లకి ఆగి చూసే తీరిక ఎక్కడిది? నేను ఆగిపోయాను. చేతులకి తీపి చేయడం తప్ప ఇంకోటి తెలియని మనిషి, ఆ తీపి తినకూడని మనిషితో ఓ ఇంట్లో ఎలా బతుకుతుంది? ఇది నాకు కొత్త ప్రశ్న కాదు. నాన్నకి నలభై ఏళ్లకే షుగరు వచ్చింది. అమ్మ మినపసున్ని విసరడం మానలేదు. సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టి, "పిల్లలకి" అనేది. నాన్న చొక్కా జేబుకి నెయ్యి మరక ఉండేది. సోమవారం బట్టలు నానబెట్టేటప్పుడు అమ్మ ఆ జేబుని విడిగా, కాస్త ఎక్కువసేపు రుద్దేది. ఇద్దరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

ఇది తెనాలి పేర్లతో రాయాలని కూర్చుంటే రెండో వాక్యం దాటలేదు. అర్నవ్ అని పెట్టుకున్నాక పది భాగాలు వచ్చాయి. పదో భాగంలో ఇస్త్రీకి తీసిన కోటు జేబులో ఖుషీకి పాకం అంటుకున్న రుమాలు దొరుకుతుంది. ఆ రుమాలుతో ఆమె ఏం చేస్తుందో తెలీక, నాన్న పోయిన రెండేళ్లకి అమ్మని అడిగాను, "ఆయన్ని ఎప్పుడైనా నిలదీశావా?" అని.

"అడిగితే తినడం మానేసేవాడుగా," అంది. అని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చేయడం నేను మానాల్సొచ్చేది," అంది.

"నెక్స్ట్ అప్‌డేట్ ఎప్పుడక్కా?" అని మొన్న సూరత్ నుంచి ఒకమ్మాయి అడిగింది. పదకొండో భాగం తెరిచి ఉంది. అమ్మ అన్న మాట ఖుషీ నోట పెట్టి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తీసేశాను. పొయ్యి మీద నూనె కాగుతోంది, ఖుషీ చేతిలో రుమాలుంది, కారు చప్పుడైంది.