చివరి బొత్తాం తమ్ముడికి వదులు

అగ్రికో, జంషెడ్‌పూర్

చిరంజీవి అమ్మడికి,

అమ్మానాన్నల తర్వాత, మేధోవైకల్యం ఉన్న తమ్ముణ్ని ఎలా చూసుకోవాలని అడిగావు. దానికి జవాబు అప్పటి దాకా ఆగదు, ఇప్పుడు మీ ఇంట్లో జరిగేదాంట్లోనే ఉంది. ఇరవై ఏళ్లవాడికి అన్నం కలిపి పెట్టి, చొక్కా తొడిగి, ఎవరు పలకరించినా వాడి బదులు మీరే మాట్లాడుతూ పోతే రేపు నీ చేతికి వచ్చేది మీసాలున్న పసివాడే. ఆ పసితనంలో కొంత వాడి పుట్టుకతో వచ్చింది, కొంత మన ముద్దుతో వచ్చింది. మొదటిదాన్ని మనం మార్చలేం. నా తగువంతా రెండోదానితోనే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మేధోవైకల్యానికి రెండు గుర్తులు చెబుతుంది. ఆలోచించడంలో, నేర్చుకోవడంలో, చిక్కు విప్పుకోవడంలో బాగా వెనకబడడం ఒకటి. రోజువారీ పనుల్లో, నలుగురిలో మసలుకోవడంలో వెనకబడడం రెండోది. మొదటిది ఐక్యూ పరీక్షలో సుమారు 70కి దిగువన తేలుతుంది. దాన్ని పెంచుతామని ఎవరు ఏ లేహ్యం అమ్మినా కొనకండి. రెండోది నేర్పితే వస్తుంది, నెమ్మదిగానే అయినా వస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటర్లు చొక్కా తొడుక్కోవడం ఎలా నేర్పుతారో చూడు. ఆ పనిని ముక్కలు చేస్తారు: చొక్కా మంచం మీద పరవడం, కాలరు ఎటుందో గుర్తుపట్టడం, ఒక చెయ్యి దూర్చడం, రెండో చెయ్యి, అంచులు రెండూ కలపడం, ఆపైన బొత్తాలు. మొదట్లో అన్నీ మనమే చేసి చివరి బొత్తాం ఒక్కటి వాడికి వదలాలి. అది వచ్చాక చివరి రెండు, ఆ తర్వాత మూడు, అలా వెనకనుంచి ముందుకి. ఎంత కొంచెం చేసినా పని పూర్తి చేసింది వాడే అవుతాడు. ఈ వరసలోని కిటుకంతా అదే. అసలు కష్టం వాడిది కాదు, మీ అమ్మది. బస్సుకి వేళవుతుంటే, వాడు ఆ బొత్తాంతో కుస్తీ పడుతుంటే, చెయ్యి చాచకుండా నిలబడాలి.

ఎవరైనా తేడాగా కనిపిస్తే మా వైపు ‘కాంకే పంపండి’ అనేస్తారు. రాంచీ శివారు కాంకేలో 1918లో పెట్టిన మానసిక ఆసుపత్రి మీద పుట్టిన ఎకసెక్కం అది. ఎకసెక్కం సంగతి ఎలా ఉన్నా అందులో పొరపాటు పెద్దది. మానసిక జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, మందులకు తగ్గవచ్చు. మేధోవైకల్యం పెరిగే వయసులోనే కనబడే స్థితి. దీనికి కావలసింది మందుకన్నా శిక్షణ. (ఈ స్థితి ఉన్నవాళ్లకి కూడా జబ్బు చెయ్యవచ్చు, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.) చండీగఢ్‌కు చెందిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు 2009లో ఈ తేడానే పట్టి చూపింది. ఆమెకు ఉన్నది స్వల్ప మేధోవైకల్యం. గర్భం ఉంచుకోవాలన్న ఆమె నిర్ణయాన్ని తోసెయ్యడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అంత పెద్ద విషయంలో ఒక మనిషి మాట చెల్లినప్పుడు, ఏ కూర తినాలో, ఏ సినిమా చూడాలో మన తమ్ముడు చెబితే చెల్లదా?

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పేరు వినే ఉంటావు. ఊళ్లో హేళన పడింది. ఆమె పరుగును ముందు గుర్తించింది ఒక పీఈటీ సారు. 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి మేధోవైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ‘అందరూ దీప్తులవుతారా’ అంటావు. కారు. మామూలు పిల్లలు మాత్రం అందరూ అవుతున్నారా? తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లకి జీవితాంతం మరొకరి చెయ్యి కావాలి, వాళ్లకి రెండు చొక్కాల్లో ఒకటి ఎంచుకోవడమే పెద్ద నిర్ణయం కావచ్చు. ఆ ఎంపికైనా వాళ్లకి మిగలాలంటున్నాను. హేళన పడ్డ పిల్లా, రికార్డు పెట్టిన పిల్లా ఒకరే. ఆ పిల్లకేం రాదో చూసేవాళ్లు ఊరినిండా ఉన్నారు, ఏం వచ్చో చూసింది ఒక మాస్టారు.

మీ నాన్న భయం నాకు తెలుసు: ఒంటరిగా పంపితే ఎవరో ఒకరు మోసం చేస్తారు. భయం నిజమే, మందు మాత్రం తప్పు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు మేధోవైకల్యం విభాగంలో స్వర్ణం కొట్టింది. ఆ పన్నెండు మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. శిక్ష ఎవరికి పడింది? నిజంగా వైకల్యం ఉన్న క్రీడాకారులకి. 2012 లండన్ దాకా వాళ్లకి పారాలింపిక్స్ తలుపు మూసేశారు. మోసగాళ్లున్నారని తమ్ముణ్ని గదిలో కూర్చోబెట్టడం కూడా అలాంటి న్యాయమే. ఇంకో మాట: ఇంట్లో ‘వద్దు’ అనడానికి వీల్లేకుండా పెరిగినవాడికి బయట చెడ్డవాడి ముందు ‘వద్దు’ అనడం ఎక్కణ్నించి వస్తుంది? ఎదురు చెప్పని బుద్ధిమంతుడని మనం మురిసిపోయే గుణమే దుర్మార్గుడికి అక్కరకొచ్చేది. ఎవరు ఎక్కడ తాకకూడదో, అరిచి ఎవరిని పిలవాలో విడమరచి నేర్పండి. దుకాణానికి పంపండి, చిల్లరలో పది రూపాయలు పోతే ఫీజు కట్టామనుకోండి.

ఇక కాగితాల సంగతి. పద్దెనిమిదేళ్లు నిండాక అమ్మానాన్నలు కూడా వాడికి వాళ్లంతట వాళ్లే చట్టరీత్యా సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, సంరక్షకుడు తన ఇష్టం రుద్దకుండా ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవాలంటుంది. దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి. అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉండగానే దరఖాస్తు రాయండి. రాసేముందు తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తన విషయాల్లో ఎవరు తోడుంటే బావుంటుందో వాణ్నే అడుగు. జవాబుకి తొందరపెట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న