అదియమాన్ ఉసిరికాయ

తమిళనాడులోని ధర్మపురి నుంచి సేలం రోడ్డు పట్టుకుని కాస్త దూరం పోతే అదియమాన్‌కోట్టై వస్తుంది. అష్టమి వచ్చిందంటే కాలభైరవుడి గుడికి వచ్చే జనంతో ఆ ఊరు కిటకిటలాడిపోతుంది. ఊరి పేరులో ఉన్నవాడు సంగకాలం నాటి దొర అదియమాన్ నెడుమాన్ అంజి. అప్పట్లో ధర్మపురిని తగడూరు అనేవారు. అతని కథ తెలియని బడిపిల్లాడు ఈ జిల్లాలో ఉండడు. తిన్నవాళ్లను చాలాకాలం బతికించే ఉసిరికాయ ఒకటి అతని చేతికొచ్చింది. తాను తినకుండా తీసుకొచ్చి అవ్వైయారుకు ఇచ్చాడు. ఆమె అతనికి తల్లి కాదు, అక్క కాదు, ఆలి కాదు. ఊళ్లు తిరిగి పాటలు కట్టే మనిషి. ఆ ఉసిరికాయను తలుచుకుని ఆమె పాడిన పాట సంగకాలపు తమిళ పాటల సంకలనం పుఱనానూరులో ఉంది.

అదియమానుకు పొగుట్టెళిని అని కొడుకున్నాడు. కన్నకొడుకును వదిలేసి పరాయిదానికి ఎందుకిచ్చాడని మేష్టర్లు అడగరు, పిల్లలూ అడగరు. నాకు మాత్రం ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం మాటలు నడిచుంటాయా అనిపిస్తుంది. మన ఇళ్లలో అయితే నెల రోజులు అన్నం సహించదు.

మనిషి సుఖమంతా కుటుంబంలోనే ఉందని మనకు పుట్టిన దగ్గర్నుంచీ నూరిపోస్తారు. పెళ్లిపందిట్లో పెద్దలు చెప్పేదీ అదే, సీరియళ్లు చూపించేదీ అదే. ఈమధ్య దీనికి సైన్సు సాక్ష్యం కూడా తోడైంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు 1938లో మొదలుపెట్టిన పరిశోధన ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. 268 మంది కాలేజీ విద్యార్థులు, బోస్టన్ పేదవాడల కుర్రాళ్లు 456 మంది. అందరూ మగవాళ్లే, ఆడవాళ్ల సుఖం సంగతి చాలా ఏళ్ల తర్వాతగానీ గుర్తురాలేదు. వాళ్లను ముసలితనం దాకా వెంబడించి చూస్తే తేలిందేమంటే, ఎనభయ్యో ఏట ఎవరు ఆరోగ్యంగా ఉంటారో చెప్పడానికి యాభయ్యో ఏట వాళ్ల కొలెస్ట్రాల్ కన్నా చుట్టూ ఉన్న మనుషులతో వాళ్లకున్న పొత్తే మంచి గుర్తట. ఈ ముక్కను మన వక్తలు ఉమ్మడి కుటుంబానికి యోగ్యతాపత్రంలాగా చదివేస్తున్నారు. ఆ పరిశోధకులు చుట్టాలనే అనలేదు. స్నేహితులనూ ఇరుగుపొరుగునూ కూడా కలిపే లెక్కగట్టారు. ఉమ్మడి కుటుంబం పోయిందని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో నూటికి తొంభైమంది మగవాళ్లే ఎందుకుంటారో కూడా ఎవరైనా పరిశోధిస్తే బాగుండును.

ధర్మపురి, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లలో కుటుంబం మరీ దగ్గరది. మేనరికాలు మాకు మామూలు. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు సరే, నేరుగా మేనమామకే పిల్లనిచ్చేస్తారు. తెలుగు ఇళ్లనే ఏముంది, తమిళనాడు మొత్తం మీద జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో రక్తసంబంధంలో జరిగే పెళ్లిళ్లు నూటికి ఇరవై అయిదు దాటుతాయి. పుట్టే పిల్లల ఆరోగ్యం గురించి డాక్టర్లు చెప్పే మాట అందరికీ తెలిసిందే. మనసు సంగతి ఎవరూ అడగరు. పైకి చూస్తే ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు. అత్త అంటే అమ్మమ్మే. ఇల్లు కొత్త కాదు, వంట కొత్త కాదు. సంకటి ఎంత మెత్తగా ఉండాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

మా పెద్దమ్మను అలాగే వాళ్ల మేనమామకు ఇచ్చారు. పదహారేళ్ల పిల్ల, ముప్పై దాటిన మొగుడు. మనిషి చెడ్డవాడని చెప్పలేను. నోరు మాత్రం కత్తి. ఒకసారి నేను పెద్దయ్యాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె అంది: "అమ్మ కాడికి పోయి మొగుడు ఇట్ల చేసినాడని చెప్పుకునేదానికి లేదు నాయనా. ఆ మొగుడు అమ్మకు తమ్ముడు గదా. పుట్టినిల్లు లేకుండా చేసినారు నాకు."

ఈ మాట నన్ను వదల్లేదు. పరాయి ఇంటికి వెళ్లిన పిల్లకు అలిగి రావడానికి ఒక గడప ఉంటుంది, అత్తమామలను నిలదీయడానికి నాయనో అన్నో ఉంటారు. ఈమెకు వాదీ ప్రతివాదీ న్యాయం చెప్పేవాడూ ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో కూర్చుని తింటున్నారు. దగ్గరితనం మరీ ఎక్కువైన చోట దుఃఖానికి కూర్చునే చోటు దొరకదు.

మరి ఆమె ఎలా నెగ్గుకొచ్చింది? చింతపండు వల్ల. ఈ జిల్లాలో చింతచెట్లు ఎక్కువ. శివరాత్రి దాటినప్పటి నుంచి ఉగాది దాటేదాకా మా వీధిలో ప్రతి అరుగు మీదా ఇదే పని. వ్యాపారి బస్తాలు దించిపోతాడు. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, కాయను రాతిమీద పెట్టి చిన్న ఇనపకడ్డీతో కొడితే గింజ పక్కకు దూకుతుంది. ఆ దెబ్బ వాటంగా పడాలి. గట్టిగా పడితే పండు చితికిపోతుంది, మెత్తగా పడితే గింజ వదలదు. కిలోకు ఇంతని కూలి. వేళ్ల సందులు పుల్లగా మండుతుంటాయి. పెద్దమ్మతో కూర్చునేవాళ్లు మా చుట్టాలు కారు, మా కులమూ కాదు. ఎదురింటి అక్క, కుళాయి దగ్గర కాపురముండే పెద్దావిడ, ఇంకో ఇద్దరు ముగ్గురు. అందరూ తమిళులే. నెత్తిమీద మొగుడు లేని ఆ నాలుగైదు గంటల్లో పెద్దమ్మ తన గోడంతా అరవంలో వెళ్లబోసుకునేది. వాళ్లు వినేవాళ్లు, తిట్టేవాళ్లు, ఒక్కోసారి ఆమెనే తప్పుపట్టేవాళ్లు, గింజలు కొడుతూనే. మా ఇంటి తెలుగులో ఆమె ఏడవగా నేను వినలేదు. ఏడుపంతా అరవంలోనే. సాయంత్రం లేచి చీర దులుపుకుని ఇంట్లోకి వచ్చి నవ్వుతూ పొయ్యి వెలిగించేది. ఆ నవ్వు చూసి మేమంతా "చూడు, మేనరికమైతే ఎంత సుఖమో" అనుకునేవాళ్లం.

సొంత గడప దాటి ఇంకెవరూ లోపలికి రాకూడదనుకున్న కుటుంబం ఎంత దూరం పోగలదో ఈ జిల్లా చూసింది. ఆడపిల్ల పుడితే ఇంటి లెక్క తప్పుతుందని పురిట్లోనే పిల్లలను చంపేసిన రోజులు మరీ పాతవేమీ కావు. 1992లో సేలంలో మొదలైన ఉయ్యాల పథకాన్ని 2001లో ధర్మపురికీ తెచ్చారు. అక్కరలేని పిల్లను చంపకండి, ఉయ్యాలలో పడుకోబెట్టి పొండి, ప్రభుత్వం పెంచుకుంటుంది అని. 2001 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 826 మందే. పదేళ్లకు ఆ సంఖ్య తొమ్మిది వందలు దాటింది. తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక జరిగిన పని కాదది. కోడలి సుఖం, పసిదాని ప్రాణం కన్నా వంశం లెక్క పెద్దదైపోయిన ఇళ్లలో జరిగింది. అలాంటి ఇళ్లకు అరుగు ఉండదు, ఉన్నా మాట్లాడే మనిషి ఉండదు.

2012 కూడా గుర్తుంది. ఇక్కడ ఒక దళిత కుర్రవాడూ వేరే కులం అమ్మాయీ పెళ్లి చేసుకున్నారు. నవంబరు 7న అమ్మాయి తండ్రి ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజే నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి దళితవాడల మీద మూకలు పడి 250కి పైగా ఇళ్లను నాశనం చేశాయి. మరుసటి ఏడాది జూలై 4న ఆ కుర్రవాడి శవం ధర్మపురిలో రైలుపట్టాల పక్కన కనబడింది. కుటుంబ గౌరవం అన్న మాట ఆ ఏడాదంతా ప్రతి టీకొట్టులోనూ వినిపించింది. ఇద్దరు మనుషుల సుఖం గురించి మాట్లాడినవాళ్లు బహు తక్కువ. కూతురికి పెళ్లి చేస్తే కులంలో తలెత్తుకోవాలి, అంతే. ఆ తల కింద ఉన్న గుండెను ఎవరడిగారు?

ఇప్పుడు తీరు మారింది. సగం వీధి బెంగళూరులోనే ఉంటోంది. కొందరు కట్టడాల పనికి, కొందరు బేకరీలకు, చదువుకున్నవాళ్లు ఆఫీసులకు. రాత్రి బస్సెక్కితే తెల్లారకముందే అక్కడ దిగిపోవచ్చు. ఇళ్లలో ముసలివాళ్లు, ఫోన్లో మనవళ్లు. పిల్లలు డబ్బు పంపుతారు, పండక్కి వస్తారు, కొరత పెట్టరు. మా పక్కింటి పెద్దాయన పోయిన వేసవిలో స్నానాలగదిలో జారిపడ్డాడు. కొడుకు ఫోనుకు ఛార్జింగు లేదు, కూతురు షిఫ్టులో ఉంది. బస్టాండు దగ్గర టీకొట్టు కుర్రవాడు మాత్రం "తాత ఆరున్నరకల్లా రావాల్సిన మనిషి, ఏడున్నరయినా రాలేదే" అని సైకిలేసుకుని వచ్చి తలుపు తట్టాడు. ఆ కుర్రవాడికి ఆయన ఇచ్చేది రోజుకో టీ డబ్బులు, వాటితోపాటు బోలెడన్ని పాతకబుర్లు. కొడుకు ఆసుపత్రికి వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. ఆ కొడుకును తప్పుపట్టే పనేం లేదు. నూటముప్పై కిలోమీటర్ల దూరం నుంచి స్నానాలగది చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

అదియమాన్ చివరికి చేర రాజుతో యుద్ధంలో పడిపోయాడు. ఉసిరికాయ తిన్న అవ్వైయారు మిగిలింది. అతను పోయాక ఆమె ఏడుస్తూ కట్టిన పాటలు కూడా పుఱనానూరులోనే ఉన్నాయి. వాటిలో ఆమె తలుచుకునేది అతని శౌర్యం కన్నా, ఉన్నదాన్ని పంచిపెట్టిన తీరునే ఎక్కువగా. కొడుకు మాటేమో గానీ, రెండువేల ఏళ్ల తర్వాత కూడా మా జిల్లా పిల్లలకు అతను తెలిసింది ఆ పరాయి మనిషి నోటివల్లే. ఆ రాత్రి ఇంట్లో గొడవ జరిగే ఉంటుందని ఇప్పటికీ నా అనుమానం. జరిగినా ఇవ్వడం మానలేదు చూడండి, అది నాకు నచ్చింది.

నేను కుటుంబానికి విరోధిని కాను. పెద్దమ్మ చివరి రోజుల్లో ఆమె మంచం చుట్టూ ఉన్నది మేమే, ఆమె కొడుకులు, కోడళ్లు, మనవళ్లు. ఎదురింటి అక్క రోజూ వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. ఆమె వచ్చినప్పుడు మా అన్న మంచం పక్కనున్న కుర్చీ ఖాళీ చేసి బయటికి వెళ్లేవాడు. ఎవరూ చెప్పకుండానే.

మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే, సంబంధం చూడబోయినప్పుడు పొలమెంత, జీతమెంత, గోత్రమేమిటి అని ఎలాగూ అడుగుతారు. ఇంకొకటి కూడా కనుక్కోండి. చుట్టాలు కానివాళ్లు ఆ ఇంటికి ఎంతమంది వచ్చిపోతుంటారు, వచ్చినప్పుడు ఆ ఇంటి కోడలు వాళ్లతో కూర్చుని మాట్లాడుతుందా లేదా అని. లేదంటే ఆ సంబంధం వద్దు.